జబ్బుకు అసలు పేరు పెట్టిన డాక్టరమ్మ

బిడ్డ ఆవురావురుమని తింటుంది. తిన్నది ఒంటికి పట్టదు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం కుండలా ఉబ్బి ఉంటుంది. విరేచనం జిడ్డుగా, గదంతా వాసన కొట్టేలా అవుతుంది. పైగా ఎడతెగని దగ్గు. ఈ నెల నెమ్ము చేసి ఆస్పత్రిలో పడితే వచ్చే నెలా నెమ్మే. చాలామంది ఏడాది నిండకుండానే పోయేవారు. 1930ల్లో న్యూయార్క్ ఆస్పత్రులకు ఇలాంటి పిల్లలు వస్తూనే ఉండేవారు. వాళ్ల కేసు కాగితాల మీద డాక్టర్లు రాసే పేరు ఒకటే.. సీలియాక్. పేరు రాసేశాక ఇక అడిగేదేముంది? అరటిపండ్ల పథ్యం పెట్టేవారు. కొందరు తేరుకునేవారు. కొందరు తేరుకునేవారు కాదు.

తేరుకోని పిల్లల్లో చాలామందిది అసలు ఆ జబ్బే కాదని తేల్చిన మనిషి డాక్టర్ డొరొతీ హన్సీన్ ఆండర్సన్. ఇప్పుడు ప్రపంచమంతా సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పిలుస్తున్న జబ్బును 1938లో విడదీసి, లక్షణాలన్నీ కూర్చి, పేరు పెట్టి చూపించింది ఆమే. అప్పుడు ఆమె పనిచేస్తున్నది పిల్లల వార్డులో కాదు, శవపరీక్షల గదిలో. ఎక్కడో అమెరికా డాక్టరమ్మ కథ మనకెందుకు అనుకోకండి. బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఆమె పనితో మన ఇళ్లకూ ఓ లంకె ఉంది. దాని దగ్గరికి వద్దాం, ముందు ఆమె సంగతి.

పందొమ్మిదేళ్లకే ఒంటరి

డొరొతీ పుట్టింది 1901 మే 15న, నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో. తండ్రి హాన్స్ పీటర్ ఆండర్సన్ డెన్మార్క్ నుంచి వచ్చినవాడు, వైఎంసీఏలో ఉద్యోగం. ఆమె ఒక్కతే సంతానం. 1914లో తండ్రి పోయారు. తల్లి మంచం పట్టిన మనిషి. పదమూడేళ్ల పిల్ల మీదే ఆమె బాధ్యత పడింది. తల్లీ కూతుళ్లు ఉత్తరాన వెర్మాంట్ రాష్ట్రంలోని సెయింట్ జాన్స్‌బరీకి చేరారు. 1920లో తల్లి కూడా కన్నుమూసింది. చదువు మధ్యలో ఉన్న అమ్మాయికి నా అన్నవాళ్లు దగ్గర్లో లేకుండా పోయారు.

చదువు మాత్రం ఆగలేదు. 1922లో మౌంట్ హోల్యోక్ కాలేజీ నుంచి డిగ్రీ పుచ్చుకుని జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో చేరారు. అక్కడ ఫ్లోరెన్స్ సాబిన్ ల్యాబ్‌లో పని దొరికింది. జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో పూర్తిస్థాయి ప్రొఫెసరైన మొదటి మహిళ సాబిన్. ఆమె దగ్గర పనిచేస్తూ డొరొతీ విద్యార్థిగా ఉండగానే రెండు పరిశోధన పత్రాలు అచ్చువేశారు. 1926లో డాక్టరు పట్టా వచ్చింది.

ఆమె కోరిక సర్జన్ కావాలని. రోచెస్టర్‌లో ఒక ఏడాది శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, అక్కడి స్ట్రాంగ్ మెమోరియల్ ఆస్పత్రిలో సర్జరీ ఇంటర్న్‌గా పనిచేశారు. ఆ తర్వాత మెట్టు రెసిడెన్సీ. అది ఇవ్వలేదు. మార్కులు తక్కువై కాదు, పనితనం లేక కాదు, ఆడమనిషి అని. కత్తి పట్టే గదిలో ఆడవాళ్లకు చోటు లేదన్నది అప్పటి రివాజు. ఆ తలుపు మూసుకోవడమే మంచిదైంది, లేకపోతే ఈ జబ్బు బయటపడేది కాదు కదా అని రాసేవాళ్లు ఉన్నారు. అలా అనడం సబబుగా తోచదు. ఆమె సర్జన్ అయ్యుంటే ఏం చేసేవారో ఎవరికి తెలుసు? జరిగిన అన్యాయానికి ఫలితం బాగుందని చెప్పి సర్దిపుచ్చడం తేలికే.

1929లో న్యూయార్క్ వచ్చి కొలంబియా యూనివర్సిటీ పాథాలజీ విభాగంలో అసిస్టెంట్‌గా చేరారు. పాథాలజీ అంటే జబ్బుపడిన కణాన్ని సూక్ష్మదర్శిని కింద చూసే శాస్త్రం, శవాలను కోసి మరణకారణం తేల్చే పని. అప్పట్లో ఆడ డాక్టర్లకు కాస్త చోటిచ్చిన విభాగాల్లో అదొకటి. 1935లో కొలంబియాలోనే మరో డాక్టరేట్ తీసుకుని, ఆ ఏడాదే అదే ప్రాంగణంలోని బేబీస్ హాస్పిటల్‌కు అసిస్టెంట్ పాథాలజిస్ట్‌గా మారారు. చివరిదాకా అదే ఆమె ఆస్పత్రి.

క్లోమం దగ్గర ఆగిన చూపు

ఒక రోజు సీలియాక్‌తో చనిపోయిందని రాసి పంపిన బిడ్డ దేహం ఆమె బల్ల మీదికి వచ్చింది. పేగులు చూశారు, ఊపిరితిత్తులు చూశారు. క్లోమం దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. మెత్తగా ఉండాల్సిన గ్రంథి గట్టిపడి ఉంది. దాని నిండా చిన్నచిన్న తిత్తులు, చుట్టూ మచ్చకట్టిన నార. క్లోమం ఊరించే జీర్ణరసం పేగులోకి దిగితేనే మనం తిన్న కొవ్వూ మాంసకృత్తులూ అరుగుతాయి. ఆ రసం దారులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. బిడ్డ ఎంత తిన్నా ఎందుకు చిక్కిపోయిందో అక్కడే అర్థమవుతోంది. కానీ సీలియాక్‌లో క్లోమం ఇలా పాడవదు. మరి ఇదేమిటి?

మరొకరైతే ఇదేదో వింత కేసు అని నాలుగు వాక్యాలు రాసి ఊరుకునేవారు. ఆండర్సన్ పాత ఫైళ్ల గదిలోకి వెళ్లారు. బేబీస్ హాస్పిటల్‌లో ఏళ్ల తరబడి జరిగిన శవపరీక్షల రికార్డులు తిరగేశారు. దాచిపెట్టిన కణజాలం ముక్కలను మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. ఇతర ఆస్పత్రులవాళ్లు అచ్చువేసిన రిపోర్టులు, అవి ఏ భాషలో ఉన్నా సంపాదించి చదివారు. మొత్తం 49 కేసులు పోగయ్యాయి. ఒక్కొక్కరి ఫైలు మీద ఒక్కో పేరు. ఒకరిది నెమ్ము, ఒకరిది పోషకాహార లోపం, ఒకరిది సీలియాక్. క్లోమం మాత్రం అందరిదీ ఒకేలా పాడైంది!

వయసును బట్టి వాళ్లను మూడు వర్గాలు చేశారు. మొదటివాళ్లు పుట్టిన వారంలోపే పోయినవాళ్లు. తొలి నల్లటి విరేచనం బంకలా గట్టిపడి పేగు మూసుకుపోయి చనిపోయారు. రెండోవాళ్లు వారం దాటి ఆరు నెలల్లోపు పిల్లలు. వాళ్లను ఎక్కువగా తీసుకుపోయింది ఊపిరితిత్తుల జబ్బు. మూడోవాళ్లు ఆరు నెలలు దాటి బతికినవాళ్లు, సీలియాక్ అని పొరబడింది ముఖ్యంగా వీళ్లనే. పుట్టిన మూడోనాడు పేగు మూసుకుపోయి చనిపోయిన బిడ్డకూ, నాలుగేళ్లు దగ్గి దగ్గి చనిపోయిన బిడ్డకూ ఉన్నది ఒకే జబ్బని ఒక్క వ్యాసంలో చూపించారామె. 1938లో అమెరికా పిల్లల వైద్య పత్రికలో అది అచ్చయింది. క్లోమంలో తిత్తులు, నార.. ఆ రెండింటినీ కలిపి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఆఫ్ పాంక్రియాస్ అన్నారు. ఈ పనికే ఈ. మీడ్ జాన్సన్ అవార్డు కూడా వచ్చింది.

ఆమె కంటే ముందు ఎవరూ చూడలేదని కాదు. స్విట్జర్లాండ్‌లో ఫాంకోనీ అనే పిల్లల డాక్టరు 1936లోనే ఇలాంటి పిల్లల గురించి రాశారు. అన్నిటినీ కలిపి ఒక్క జబ్బుగా నిలబెట్టింది మాత్రం ఆండర్సనే. ఇక ఇదెందుకు వస్తోందన్నదానికి ఆమె మొదట ఊహించిన కారణం సరికాదు. విటమిన్ ఏ లోపం అనుకున్నారు. క్లోమం పనిచేయక ఆ విటమిన్ ఒంటికి పట్టని మాట నిజం, కానీ అది ఫలితమే గాని మూలం కాదు. ఆ తర్వాత బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, జబ్బు క్లోమానిదే కాదు, ఒంట్లో ఊరే జిగురంతా చిక్కబడిపోవడమే అసలు చిక్కని చెప్పారు. చల్లారిన గంజిలా గట్టిపడిన తెమడ ఊపిరితిత్తుల్లో పేరుకుని, దానిలో క్రిములు కాపురం పెడతాయి.

అరటిపండ్ల మాట కూడా ఒకటి చెప్పాలి. ఆ పథ్యం 1924లో న్యూయార్క్ డాక్టరు సిడ్నీ హాస్ మొదలుపెట్టింది. నిజంగా సీలియాక్ ఉన్న పిల్లలు దాంతో కోలుకునేవారు. అరటిపండులో మహిమ ఉందనుకున్నారు గాని, అసలు సంగతి రొట్టె మానడం. గోధుమే ఆ పిల్లలకు పడదని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డచ్ డాక్టరు డికే రుజువు చేశారు.

బతికున్న పిల్లల దగ్గరికి

పోయాక తెలుసుకుని ఏం లాభం? ఇక్కడ నుంచి ఆండర్సన్ చేసింది మామూలు పాథాలజిస్టులు చేసే పని కాదు. శవపరీక్షల గది దాటి వార్డులోకి నడిచారు. పిల్లల వైద్యంలో ఆమెకు శిక్షణ లేదు. అయినా బతికుండగానే ఈ జబ్బును పట్టే దారి వెదికారు. సన్నని గొట్టాన్ని బిడ్డ కడుపు దాటించి చిన్నపేగు మొదలుదాకా పంపి, అక్కడి రసాన్ని కాస్త పైకి లాగి, అందులో క్లోమం ఊరించే ఎంజైములు ఉన్నాయో లేవో చూసేవారు. లేకపోతే ఇదే జబ్బు. బిడ్డకు చాలా ఇబ్బందే, గంటల పని. కానీ అప్పటికి అంతకు మించిన దారి లేదు.

జబ్బు తెలిశాక వైద్యం కూడా మారింది. కొవ్వు తగ్గించి మాంసకృత్తులు పెంచిన తిండి, అరగడానికి జంతువుల క్లోమం నుంచి తీసిన పొడి, విటమిన్లు. దగ్గు సంగతి అలా తేలేది కాదు. అప్పుడే సల్ఫా మందులు, ఆ వెనకే పెన్సిలిన్ వచ్చాయి. సహచరుడు పాల్ డి శాంట్ ఆగ్నెస్‌తో కలిసి ఆ మందులను ఈ పిల్లల ఊపిరితిత్తుల మీద ప్రయోగించి, 1946లో ఫలితాలు ప్రచురించారు. పెన్సిలిన్‌ను ఆవిరిలా పీల్పించే పద్ధతి కూడా ఆ కాలానిదే. నెలల్లో పోయే పిల్లలు కొందరు ఏళ్లు బతకడం మొదలైంది.

అదే 1946లో మరో సంగతి. జబ్బున్న పిల్లల కుటుంబాలను వరసగా పరిశీలించి, ఇది వంశపారంపర్యంగా వస్తోందని ఆండర్సన్, హాడ్జెస్ కలిసి రాశారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు రెండూ కలిస్తేనే జబ్బు బయటపడుతుంది. ఒక్కటే ఉంటే ఆ మనిషికి ఏమీ కాదు, తనలో అది ఉన్నట్టు కూడా తెలియదు. అలాంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఎండ బయటపెట్టిన ఉప్పు

1948 వేసవి. న్యూయార్క్‌లో ఎండలు మండిపోయాయి. వడదెబ్బతో సొమ్మసిల్లిన పిల్లలను బేబీస్ హాస్పిటల్‌కు మోసుకొస్తున్నారు. వాళ్లలో సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా కనిపించారు. అంత అరుదైన జబ్బు పిల్లలు ఒక్క ఎండకే ఇంతమంది ఎందుకు పడిపోతున్నారు? కెస్లర్, ఆండర్సన్ కలిసి 1951లో ఈ విషయం మీద వ్యాసం రాశారు. డి శాంట్ ఆగ్నెస్ అక్కడితో ఆగక పిల్లల చెమట పట్టి పరీక్షించారు. మామూలు పిల్లలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉప్పు! 1953లో ఆ ఫలితం అచ్చయింది. చెమటతో ఒంట్లో ఉప్పంతా కారిపోతుంటే ఎండకు తట్టుకునేదెలా?

యూరప్ పల్లెల్లో పాతకాలం నుంచీ ఒక నమ్మకం ఉండేది. ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా తగిలే బిడ్డ ఎక్కువ కాలం దక్కదని. అమ్మమ్మలకు తెలిసిన సంగతి ల్యాబ్‌కు చేరడానికి కొన్ని వందల ఏళ్లు పట్టిందన్నమాట.

మొదట్లో చెమట పట్టించడానికి బిడ్డను ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెచ్చని గదిలో ఉంచేవారు. అది ప్రమాదకరం. 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు పరిశోధకులు ముంజేతి మీద పైలోకార్పిన్ మందు పెట్టి, బిడ్డకు తెలిసీ తెలియనంత కరెంటుతో దాన్ని చర్మంలోకి పంపి, ఆ కాస్త చోటే చెమట పట్టించే పద్ధతి తెచ్చారు. ఇప్పటికీ అన్ని దేశాల్లో నడుస్తున్నది అదే. క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ గాని ఆ పైన గాని ఉంటే జబ్బు ఉన్నట్టే లెక్క.

చెమట పరీక్ష వచ్చాక పేరంతా డి శాంట్ ఆగ్నెస్‌కు వెళ్లింది. అది ఆయనకు దక్కాల్సిందే. కానీ దానికి ముందు పదిహేనేళ్ల పునాది ఎవరిదన్నది చాలామంది మరిచిపోయారు. ఆండర్సన్ దీని మీద తగాదా పడినట్టు కనబడదు. ఆమెకు వేరే పని బోలెడు ఉంది.

ఆ పనుల్లో ఒకటి గుండెలు. పుట్టుకతోనే లోపాలున్న పసికందుల గుండెలను శవపరీక్షల్లో భద్రపరిచి పెద్ద సంగ్రహమే చేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గుండె ఆపరేషన్లకు సిద్ధమవుతున్న సర్జన్లకు గుండె నిర్మాణం ఆమే నేర్పారు. సర్జరీలో చోటివ్వని మనిషి దగ్గరికే సర్జన్లు పాఠాలకు వచ్చారు. 1956లో కాలేయాన్ని పాడుచేసే మరో అరుదైన పిల్లల జబ్బును ఆమె వివరించారు. గ్లైకోజెన్ అనే పిండిపదార్థం వింత రూపంలో కాలేయంలో పేరుకుపోవడం దాని లక్షణం. దానికి ఆండర్సన్ జబ్బు అనే పేరు ఇప్పటికీ ఉంది. 1958లో ప్రొఫెసర్ అయ్యారు. అప్పటికి వయసు 57.

మనిషి తీరు వేరు. తల సరిగా దువ్వుకునేవారు కాదు, ల్యాబంతా చిందరవందర, చేతిలో సిగరెట్ బూడిద ఎక్కడ పడితే అక్కడ రాలేది. డాక్టరమ్మ అంటే ఇలాగా ఉండేది అని తోటివాళ్లు గుసగుసలు పోయేవారు. మగ ప్రొఫెసర్ ల్యాబ్ అలా ఉంటే మేధావి లక్షణం అనేవారేమో! న్యూజెర్సీ కొండల్లో ఆమెకు ఒక పాత పొలం ఇల్లు ఉండేది. వడ్రంగం, తాపీపని స్వయంగా చేసేవారు. పొయ్యి, చిమ్నీ కట్టుకున్నారు, కప్పు వేసుకున్నారు. సెలవొస్తే స్నేహితులనూ విద్యార్థులనూ అక్కడికి పిలిచి వండిపెట్టేవారు. పెళ్లి చేసుకోలేదు.

పిల్లల ఊపిరి కోసం అంత పాటుపడిన మనిషిని తీసుకుపోయింది ఊపిరితిత్తుల క్యాన్సరే. సిగరెట్ అలవాటు చివరిదాకా వదల్లేదు. 1962లో ఆపరేషన్ జరిగింది. 1963 మార్చి 3న, 61వ ఏట న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆమె తర్వాత, మన వైపు

చెడ్డ జన్యువు దొరకడానికి మరో 26 ఏళ్లు పట్టింది. 1989లో టొరంటోలో లాప్ చీ సుయి, జాన్ రియోర్డన్, మిషిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కలిసి దాన్ని ఏడో క్రోమోజోమ్ మీద పట్టుకున్నాయి. కణం గోడలో ఉప్పు రాకపోకలు చూసే ద్వారాన్ని తయారుచేసేది ఆ జన్యువే. ఆ లోపాన్నే సరిదిద్దే మొదటి మాత్ర 2012లో, మూడు మందుల కలయికగా వచ్చిన బలమైన మాత్ర 2019లో అమెరికాలో అనుమతి పొందాయి. ఏడాది నిండితే గొప్ప అనుకున్న జబ్బుతో ఇప్పుడు అక్కడ పుట్టే పిల్లలు అరవై ఏళ్లు దాటి బతుకుతారని అంచనా. ధరే భయపెడుతుంది. వచ్చిన కొత్తలో ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైమాట.

ఇది తెల్లవాళ్ల జబ్బు, మనకు రాదు అని మన దేశంలో చాలాకాలం నమ్మారు. నిజానికి 1960ల చివర్లోనే ఇక్కడి కేసులు వైద్యపత్రికల్లో కనిపించాయి. వెదికినచోట దొరికింది. వెదకనిచోట టీబీ అనో, ఆస్తమా అనో, నెమ్ము అనో పేరు పడింది. 1930ల న్యూయార్క్ కథే ఇది. ఒక పిల్లాడికి రెండు మూడుసార్లు టీబీ మందు వాడినా దగ్గు తగ్గకపోతే, పేరు తప్పేమో అని అడగాల్సిన చోట అడగడం లేదు.

మన వైపు చెప్పుకోవాల్సిన ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి మేనరికం. సరిహద్దు దాటి వచ్చి తరాలైనా మనవాళ్లలో మేనమామకో, మేనబావకో ఇవ్వడం ఇంకా ఉంది. చేసుకున్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. కానీ ఒకే తాత నుంచి దిగిన దాగుడు జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో ఒక బిడ్డ ఇలా పోయి ఉంటే తర్వాతి కాన్పుకు ముందే డాక్టరుతో ఆ మాట చెప్పడం అవసరం. రెండోది ఎండ. రాయచూరు, బళ్లారి, చంద్రపూర్ ఎండలు ఎలాంటివో మనకు చెప్పక్కర్లేదు. విరేచనాలు, వాంతులు పెద్దగా లేకుండానే వేసవిలో పసిబిడ్డ వడలిపోయి, రక్తపరీక్షలో ఉప్పు బాగా పడిపోయిందని తేలితే ఈ జబ్బును కూడా అనుమానించాలి. మన దేశపు పిల్లల్లో ఇది ఇలా బయటపడిన కేసులు ఉన్నాయి.

అమెరికాలో పురుడు పోసుకున్న మన అమ్మాయిల బిడ్డలకు ఈ బెంగ తక్కువ. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి ఈ జబ్బుకు కూడా పరీక్షిస్తారు. ఇక్కడ అలా అందరికీ చేయడం లేదు కాబట్టి అనుమానం వచ్చాకే పరీక్ష. పాశ్చాత్యుల్లో ఎక్కువగా కనిపించే జన్యులోపం మన పిల్లల్లో అంత ఎక్కువ లేదు. అందుకని ఆ ఒక్కదానికే చేసిన జన్యుపరీక్ష ఏమీ లేదన్నంత మాత్రాన జబ్బు లేదని తేలదు. చెమట పరీక్ష దగ్గరికే రావాలి. చెమట సేకరించే పరికరాన్ని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు దేశీయంగానే తయారుచేసి 2002లో ఆ పద్ధతి ప్రచురించారు. మనకు దగ్గర్లో వెల్లూరు సీఎంసీలో ఈ జబ్బు పిల్లలను చూసే డాక్టర్లు ఉన్నారు. పరీక్షలో సూది గుచ్చరు. చేతి మీద మందు పెట్టి, అరగంట పాటు చెమట పట్టి చూస్తారు.